మగ్గం సప్పుడు

నాలుగేళ్లుగా ఆదోనిలో మా మేడ మీది గదే నాకు ఆఫీసు. జట్టులో పదకొండు మందిమి. నంద్యాలలో ఒకరు, తిరుపతిలో ఒకరు, హైదరాబాద్‌లో కొందరు, ఎమ్మిగనూరులో ఒకమ్మాయి. అందరిలో ఉత్సాహం తగ్గిందని పైనుంచి మాట వస్తే, శుక్రవారం సాయంత్రాలు ఆన్‌లైన్‌లో అంత్యాక్షరి పెట్టాను. సగం మంది కెమెరాలే తెరవలేదు. తెరిచినవాళ్లు నవ్వారు గానీ, ఆ నవ్వు కూడా డ్యూటీయేనని వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ రోజుల్లోనే ఎమ్మిగనూరు అమ్మాయి పని ఆలస్యం చేసిందని అందరి ముందూ కసిరాను. "సారీ సార్, రాత్రికి పంపిస్తా" అంది, అంతే. వాళ్ల నాన్న పది రోజులుగా ఆసుపత్రిలో ఉన్నాడనీ, ఆమె వార్డు బయట బెంచీ మీద కూర్చునే పనిచేస్తోందనీ తర్వాత ఇంకొకరు చెబితే తెలిసింది. ఆ పది రోజులూ చాట్‌లో ఆమె పేరు పక్కన, ఆన్‌లైన్‌లో ఉందని చెప్పే పచ్చచుక్క వెలుగుతూనే ఉంది. నేను చూస్తూనే ఉన్నాను.

ఆదివారం బస్సెక్కి ఎమ్మిగనూరు వెళ్లి, ఆమెకు క్షమాపణ చెప్పి, ఆ ఊళ్లోనే ఉండే మా మామ ఇంట్లో భోజనానికి ఆగాను. మామ గుంత మగ్గం మీద నేస్తాడు. భోంచేస్తుంటే గుమ్మంలోంచి పక్కింటావిడ తల పెట్టింది. "ఏమప్పా, పొద్దన్నుంచి సప్పుడే లేదు, పానం బాగలేదా?" చుట్టమొచ్చాడని మగ్గం ఆపానని మామ చెబితే వెళ్లిపోయింది. మొత్తం అర నిమిషం. నా పచ్చచుక్క పది రోజుల్లో చెప్పలేనిది అది.

ఎవరి ఇంట్లో వాళ్లుండి పనిచేసేవాళ్లను ఒక్క కట్టుగా ఉంచడమనే చిక్కు మా సాఫ్ట్‌వేర్ వాళ్లతో మొదలైంది కాదు. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో నేతవాళ్ల సహకార ఉత్పత్తి, విక్రయ సంఘం పెట్టినప్పుడు ఆయన ముందున్నదీ ఇదే. అంతకుముందు షావుకారు పద్ధతిలో నూలు అప్పిచ్చేదీ, గుడ్డ కొనేదీ, ధర చెప్పేదీ ఒకడే. సంఘం నూలిచ్చి, గుడ్డ తీసుకుని, రకాన్ని బట్టి మజూరీ కట్టే పద్ధతి తెచ్చింది. పద్మ పురస్కారాలు మొదలైన 1954లోనే సోమప్పకు పద్మశ్రీ వచ్చింది.

సంఘం గురించి మామను కదిపితే పురస్కారాల మాటెత్తడు. గుడ్డ అప్పజెప్పే రోజు గురించి చెబుతాడు. కొలత నలుగురి ముందూ పడేది. తప్పుంటే ఏ పోగు దగ్గరో వేలు పెట్టి చూపేవాళ్లు, ఆ వేలు గుడ్డ మీదే ఉండేది, మనిషి మీద కాదు. పక్కవాడి దుప్పటి అంచు చూసి "ఈ రంగెట్ల కుదిరింది నీకు?" అని అడిగేవాళ్లు. ఇంత మజూరీ ఎందుకు, అంత ఎందుకు కాదు అన్నది ఎవరి నోటెంబడైనా వినొచ్చు. ఆ పూట కోసం వారమంతా నేసేవాణ్ణి అన్నాడు మామ.

తిరిగొచ్చాక అంత్యాక్షరి మానేశాను. దాని బదులు శుక్రవారం ఎవరో ఒకరు ఆ వారం తాము చేసిన పని తెరిచి చూపిస్తారు, ఎక్కడ ఇరుక్కున్నారో అక్కడే ఆపుతారు, మిగతావాళ్లు చెయ్యేస్తారు. రోజూ మధ్యాహ్నం రెండు గంటల పాటు కాల్ తెరిచి ఉంచుతాం. రమ్మని ఎవరినీ పిలవం, హాజరు రాయం. కీబోర్డు టకటకలు, ఎవరింట్లోనో కుక్కర్ విజిల్, నంద్యాలలో కరెంటు పోయినప్పటి తిట్టు. రోజూ వచ్చేవాళ్లు ఒక రోజు రాకపోతే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఆ ఫోన్ నేను చేయను. నేను చేస్తే అది మళ్లీ పచ్చచుక్కే అవుతుంది.

మగ్గాన్ని నెత్తిన పెట్టుకుంటున్నానని అనుకోకండి. ఇన్నేళ్లు గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్న మామకు మోకాళ్లు లేవవు. కొడుకు బెంగళూరు వెళ్లిపోయాడు, ఆ వీధిలో ఆడే మగ్గాలను ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మజూరీ చాలకపోతే ఇరుగుపొరుగు పలకరింపు కడుపు నింపదు. మా పడమటి పల్లెలవాళ్లు వానలు లేని ఏడాది మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. ఒకే వీధివాళ్లు ఒకే బండిలో, నవ్వుకుంటూనే ఎక్కుతారు. ఆ నవ్వు చూసి వాళ్లకు లోటేమీ లేదని మనం అనుకోం కదా.

మీ కింద కూడా ఇళ్ల నుంచి పనిచేసేవాళ్లుంటే, వాళ్లకు ఆటలు పెట్టేముందు జీతం ఏ తారీఖున పడుతోందో ఒకసారి కనుక్కోండి.