వాసన లేకున్నా వాసికెక్కిన పూవు

మల్లెకు వాసనే ఆస్తి. సంపెంగ ఒక్కటి చాలు, గది నిండిపోతుంది. కనకాంబరాన్ని ముక్కుకు ఆనించుకుని ఎంత పీల్చినా ఏమీ తెలియదు. అయినా దక్షిణాది ఆడవాళ్ళ జడల్లో దానికి పోటీ వచ్చే పూలు తక్కువ. రంగు వల్లనే అంటారు చాలామంది. నన్నడిగితే, సగం గొప్పతనం దాని కట్టుబడిలో ఉంది.

పూసిన వెన్నును దగ్గరగా చూడండి. చిన్న చిన్న పచ్చటి ఆకులు నాలుగు వరసల్లో ఒకదాన్నొకటి కప్పుకుని ఉంటాయి. వాటి సందుల్లోంచి పూలు అడుగు నుంచి పైకి వరసగా విచ్చుకుంటూ పోతాయి. మెల్లగా లాగితే సన్నటి గొట్టంతో సహా పూవు ఊడి చేతిలోకి వస్తుంది, పచ్చటి భాగమంతా మొక్కకే ఉండిపోతుంది. అందుకే దండ ఎంత ఒత్తుగా కట్టినా జడకు బరువనిపించదు. కిలో తూగాలంటే సుమారు 15 వేల పూలు కోయాలి. పైగా సాయంత్రం పెట్టుకున్న మల్లెలు తెల్లారేసరికి నలిగి రంగు మారితే, కనకాంబరాలు మర్నాడూ నిలుస్తాయి.

అడ్డసరం కుటుంబానికి చెందిన ఈ పొదకు దక్షిణ భారతం, శ్రీలంకలే పుట్టిల్లు. కనుక మన ఎండకు బెదరదు, చలికే ముడుచుకుంటుంది. నాటు నారింజ రకం, పసుపు రకం విత్తనంతో వస్తాయి. ‘ఢిల్లీ కనకాంబరం’ సంగతి వేరు. పూవు పెద్దది, రంగు కంటికి ఇంపు, కానీ క్రోమోజోములు రెండేసి కాక మూడేసి ఉండటంతో గింజ కట్టదు. కొమ్మ అంటులే దిక్కు. జానెడు లోపు లేత కొమ్మ చివర తీసుకుని, వెన్నులుంటే తుంచేసి, ఇసుకలో గుచ్చి, నీడన తడి ఆరకుండా ఉంచితే మూడు నాలుగు వారాల్లో వేరు పడుతుంది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ‘అర్క అంబర’, ‘అర్క కనక’ వంటి రకాలనూ ఇచ్చింది.

విత్తనాల రకాల్లో గింజ దక్కించుకోవడమే ఒక విద్య. ఎండిన కాయకు తడి తగిలిందా, టప్పున పేలి నాలుగు గింజలనూ దూరంగా విసిరేస్తుంది. ఒక్క మంచు రాత్రి చాలు, మీ విత్తనం పక్కింటి పెరట్లో మొలవడానికి. కాబట్టి వెన్ను గోధుమరంగుకు తిరగగానే పొడి ఎండలో కోసి, మూత ఉన్న డబ్బాలో వేసి, నాలుగు చుక్కల నీళ్ళు చల్లి మూసేయండి. లోపల చిటపటలు ఆగాక ఏరుకోవచ్చు. గింజలను ఏళ్ళ తరబడి దాచకండి, మొలక శక్తి త్వరగా పోతుంది. నారు రెండు నెలలకు నాటుకొస్తుంది. పొలంలో వరసల మధ్య రెండడుగులు, మొక్కల మధ్య అడుగు ఎడం ఇస్తారు. నాటిన రెండు మూడు నెలలకు తొలిపూత. ఆపైన బాగా చూసుకుంటే రెండు మూడేళ్ళు ఏడాది పొడవునా పూస్తుంది, వానల్లో మాత్రం కాస్త తగ్గుతుంది.

కుండీలో పెట్టేవాళ్ళు పన్నెండంగుళాలది తీసుకుని ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొంచెం ఇసుక, గుప్పెడు వేపపిండి కలిపితే సరిపోతుంది. పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ దీనికి హాయి. పూలైపోయిన వెన్నులను ఎప్పటికప్పుడు తుంచాలి. బద్ధకిస్తే మొక్క బలమంతా కాయలకు పోయి కొత్త వెన్నులు రావు.

ఇంత మొండి మొక్కకూ వేరు దగ్గరే గండం. నీరు నిలిస్తే ఎండు తెగులు, ఏళ్ళ తరబడి అదే మడిలో వేస్తే నులిపురుగులు. మొక్క గిడసబారి, ఆకు పాలిపోతే ఒకదాన్ని పీకి వేళ్ళు చూడండి. బుడిపెలు కనిపించాయంటే పై ఎరువులన్నీ దండగ. ఆ మడిలో మరోసారి కనకాంబరం వద్దు, కొన్నాళ్ళు బంతి వేయడం మేలు. వేళ్ళు శుభ్రంగానే ఉండి, లేత ఆకుల్లో ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే అది ఇనుము లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లితే తేరుకుంటుంది.

కోత రోజు విడిచి రోజు, తెల్లవారుజామున. ఎండెక్కితే పూలు వడలిపోతాయి. రైతుకు అసలు ఖర్చు ఇక్కడే: ఒక్కో పూవునూ వేళ్ళతో లాగాల్సిందే, మిషన్ లేదు. శ్రావణమాసంలోనో, పెళ్ళిముహూర్తాల్లోనో మూర ధర విని ముఖం చిట్లించేవాళ్ళు ఆ 15 వేల లెక్క గుర్తు తెచ్చుకుంటే బాగుండు.

దండకు నా ఓటు అరటినారకే. తడిపిన నార గొట్టాన్ని కోయదు, పూవుకు చల్లదనమూ ఇస్తుంది. రెండు పూలు అటు, రెండు ఇటు గొట్టాలు కలిసేలా పెట్టి, నారను చుట్టి ముడి బిగించడమే పని. మరీ లాగితే గొట్టం తెగుతుంది, వదులైతే జడలో పెట్టగానే రాలుతుంది. నడుమ నడుమ మరువం రెబ్బ కలిపితే, కనకాంబరానికి లేని వాసన కూడా దండకు వచ్చేస్తుంది.