మంట, సెగ, నిప్పులు: మస్తానమ్మ మామ్మ వంట

గుడివాడ అనగానే కృష్ణా జిల్లాలోని పట్టణమే మనకు గుర్తొస్తుంది. మస్తానమ్మది ఆ గుడివాడ కాదు. గుంటూరు జిల్లాలో తెనాలికి దగ్గరున్న ఒక పల్లెటూరు. 2016లో ఆవిడ మునిమనవడు, అతని స్నేహితుడు కలిసి ఆవిడ వంటను వీడియో తీసి ‘కంట్రీ ఫుడ్స్’ అనే యూట్యూబ్ ఛానల్‌లో పెట్టారు. 2018 డిసెంబరులో కన్నుమూసేనాటికి మామ్మ వయసు 107 అని ఇంట్లోవాళ్ళు చెప్పారు. అప్పటికి ఆ ఛానల్‌కు 12 లక్షల మందికి పైగా చందాదారులున్నారు. తెలుగు ముక్క రానివాళ్ళు కూడా సొంత మామ్మ పోయినట్టే బాధపడ్డారు.

పదకొండో ఏట పెళ్ళి, ఇరవై రెండో ఏట భర్త మరణం, ఆ తర్వాత పిల్లల్ని సాకడానికి కూలిపని. అప్పట్లో పత్రికలు రాసిన ఆవిడ కథ ఇది. కానీ వీడియోల్లో మనకు కనిపించింది నవ్వే మనిషి, చుట్టూ ఉన్నవాళ్ళతో వయసులో ఉన్నప్పటి కబుర్లు చెబుతూ, సరదాగా మాట్లాడుతూ వండిపెట్టే మనిషి. అంతమందిని కట్టిపడేసింది ఆ హుషారే. అయితే ఆ హుషారు వెనకున్న పనితనాన్ని మనం సరిగా గమనించలేదని నాకనిపిస్తుంది.

ఆ పనితనం పొయ్యి దగ్గరే మొదలవుతుంది. మూడు రాళ్ళు, మధ్యలో పుల్లలు, పైన గిన్నె. ఇక్కడ తిప్పడానికి మీట ఉండదు. పుల్ల లోపలికి తోస్తే మంట, వెనక్కి లాగితే సెగ, కట్టె కాలిపోయాక మిగిలేవి నిప్పులు. పోపుకు మంట కావాలి, పులుసుకు సెగ చాలు, అన్నం మగ్గడానికి నిప్పులే మేలు. ఏ కట్టె ఎలా కాలుతుందో కూడా తెలియాలి. తాటాకు, కొబ్బరాకు భగ్గుమని మండి ఆరిపోతాయి. తుమ్మ కట్టె నిదానంగా కాలి గట్టి నిప్పులనిస్తుంది. పాలు కాగడానికి పిడకల దాలిని మించింది లేదు. పొయ్యి మీద వండే మామ్మలకు ఇదంతా కంటితో, చెవితో తెలిసే విద్య. ఉడుకు చప్పుడు మారిందంటే చాలు, చెయ్యి దానంతటదే పుల్ల మీదికి పోతుంది.

మన కోస్తా పల్లెల్లో చేపల పులుసు కాచే తీరు చూస్తే ఈ విద్య ఎంత లోతైనదో అర్థమవుతుంది. పొలుసు తీసిన చేపను ఉప్పు, పసుపు వేసి గరుకు రాతి మీద జిగురు పోయేదాకా రుద్ది కడుగుతారు. వెడల్పు మూతి ఉన్న మట్టి దాకలో ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు మగ్గించి, కారం వేసి, చింతపండు పులుసు పోసి తెర్లనిస్తారు. ముక్కలు చివర్లో వేస్తారు. ఒకసారి వేశాక గరిటె పెట్టరు, పెడితే ముక్క చితికిపోతుంది. దాకను మసిగుడ్డతో రెండు పక్కలా పట్టుకుని మెల్లగా కుదుపుతారు. ఎంత కుదిపితే పులుసు ముక్కల మీదికెక్కుతుందో, ఎంత కుదిపితే ముక్క విరుగుతుందో మణికట్టుకే తెలుస్తుంది.

మట్టి దాకనే ఎందుకు? చింతపండు పులుపు రాగి, ఇత్తడి గిన్నెలను తినేస్తుంది. వాటికి కళాయి పూయించేది అందుకే. మట్టికి ఆ బాధ లేదు. పైగా మట్టి ఆలస్యంగా వేడెక్కి ఆలస్యంగా చల్లారుతుంది కాబట్టి, దించాక కూడా పులుసు కాసేపు కుతకుతలాడుతూనే ఉంటుంది. ఆ లెక్క తెలిసినవాళ్ళు కాస్త ముందే దించుతారు. మర్నాటికి ముక్కకు పులుసు పట్టి ఇంకా బాగుంటుంది.

మస్తానమ్మ చేతికి పెద్ద సరంజామా అక్కర్లేదు. అల్లం పొట్టు గోళ్ళతోనే గీకేసేది. ప్రపంచమంతా నోరు వెళ్ళబెట్టి చూసిన పుచ్చకాయ చికెన్ కూడా విడ్డూరం కోసం చేసింది మాత్రమే కాదు. గుజ్జు తీసిన పుచ్చకాయలో మసాలా పట్టించిన కోడిమాంసం పెట్టి వండితే, తొక్కలో ఉన్న తేమ ముక్కను మాడనివ్వదు. అరకు, మారేడుమిల్లి వైపు బొంగులో చికెన్ చేసేదీ ఈ సూత్రంతోనే. పచ్చి వెదురే అక్కడ గిన్నె.

కట్టెల పొయ్యిని నెత్తిన పెట్టుకోమని నేను చెప్పను. గాలాడని వంటింట్లో ఆ పొగ ఆడవాళ్ళ కళ్ళనూ ఊపిరితిత్తులనూ పాడుచేసింది. గ్యాస్ వచ్చి వాళ్ళకు మంచే చేసింది. మస్తానమ్మ వండింది ఆరుబయట. మనం కాపాడుకోవలసింది పొగను కాదు, ఆ చేతి అంచనాను. అది ఏ వంటల పుస్తకంలోనూ లేదు. ‘తగినంత ఉప్పు’ అని రాసిన ప్రతిచోటా ఒక మామ్మకు తెలిసిన సంగతి రాయకుండా మిగిలిపోయింది.

ఆవిడ అదృష్టం కొద్దీ, మన అదృష్టం కొద్దీ, మునిమనవడు కెమెరా పట్టుకున్నాడు. మీ ఇంట్లో మామ్మో, అమ్మమ్మో, నాయనమ్మో ఉంటే ఆవిడ పక్కన పీట వేసుకుని కూర్చోండి. ఆవిడ గుప్పిట్లోకి తీసుకున్న ఉప్పును గిన్నెలో వేసేలోపు ఒకసారి తూకం వేయండి. ఎప్పుడు దించుతుందో, ఏం చూసి దించుతుందో అడిగి రాసుకోండి. వండుతూ చెప్పే కబుర్లు, వేసే ఛలోక్తులు కూడా ఆవిడ గొంతుతోనే రికార్డు చేయండి. వచ్చే పండక్కని వాయిదా వేయకండి, ఈ ఆదివారమే మొదలుపెట్టండి.