కష్టమే గొప్పతనమా? ‘వేయిపడగలు’ క్లిష్టతపై ఒక పరిశీలన

తెలుగు నవలా విమర్శలో విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’కు రెండు రకాల ప్రసిద్ధి ఉంది. అది గొప్ప నవల అన్నది ఒకటి, కడదాకా చదవడం కష్టమన్నది మరొకటి. కాలక్రమంలో రెండవది మొదటిదానికి రుజువుగా చెలామణి అవుతోంది. కష్టమైనది కనుక గొప్పదని అభిమానులు, కష్టమైనది కనుక కాలం చెల్లినదని వ్యతిరేకులు తీర్మానిస్తున్నారు. ఆ కష్టం ఎలాంటిదన్న ప్రశ్నను మాత్రం ఇరువర్గాలూ దాటవేస్తున్నాయి.

ఈ నవలలోని క్లిష్టత ఏకరూపం కాదు. మొదటిది నిర్మాణగతం. సుబ్బన్నపేట ఒక జమీందారీ గ్రామం. అదే సమయంలో వేయిపడగల పాము నీడన నిలిచిన ధర్మవ్యవస్థకు ప్రతిరూపం. పడగలు రాలడం, వ్యవస్థలు కూలడం ఇక్కడ వేర్వేరు కథలు కావు. మనిషికీ పాముకూ నడుమ నిలిచే పసరికను పాత్రగా చదవాలా, పైరుపచ్చకు ప్రతీకగా చదవాలా అన్న ప్రశ్నకు సులభమైన సమాధానం లేదు. వాస్తవికతా ప్రమాణాలకు అలవాటుపడిన పాఠకుడు ఇక్కడ తడబడతాడు. ఆ తడబాటు అవసరమైనదే. దానిని తొలగిస్తే మిగిలేది ఒక జమీందారీ పతనగాథ మాత్రమే.

రెండవది ప్రసంగగతం. విద్య, భాష, కళలు, వివాహం మొదలైన విషయాలపై ధర్మారావు సాగించే చర్చలు పుటలకొద్దీ విస్తరిస్తాయి. చర్చ నవలకు దోషం కాదు. అయితే ఎదుటి వాదం ధర్మారావు వాదమంత బలంగా వినిపించే సందర్భాలు తక్కువ. ఫలితం ముందే తెలిసిన వాదం పాఠకుని ఓర్పును కోరుతుందే గాని ఆలోచనను కోరదు. ‘అంపశయ్య’ (1969)తో పోలిక ఇక్కడ ఉపకరిస్తుంది. ఒక విశ్వవిద్యాలయ విద్యార్థి ఒక్కరోజు అంతరంగాన్ని చైతన్యస్రవంతి పద్ధతిలో చిత్రించిన నవీన్ నవల కూడా సులభపఠనం కాదు. కాని అక్కడి కష్టం రవి మానసిక సంక్షోభం నుంచి విడదీయరానిది.

కనుక ‘వేయిపడగలు’ కీర్తి మొదటి క్లిష్టత విషయంలో సార్థకం. రెండవదాని విషయంలో అది కేవలం గౌరవభావం. ఈ విభజన బోధనకూ పరిశోధనకూ అవసరం. ‘గహనమైన నవల’ అన్న ప్రశంస, అది సమర్థించే వర్ణధర్మాన్ని ప్రశ్న నుంచి కాపాడే కవచం కారాదు. ‘చదవలేం’ అన్న ఫిర్యాదు దాని ప్రతీకాత్మక నిర్మాణాన్ని పరిశీలించకుండా తప్పుకొనే సాకూ కారాదు. సారాంశాలను ఆధారం చేసుకొన్న ప్రశంస, నింద రెండూ విమర్శ అనిపించుకోవు. నవలను పూర్తిగా చదివి, ఏ పుట పాఠకుని శ్రమకు ప్రతిఫలమిచ్చిందో, ఏది ఇవ్వలేదో నిర్ణయించడమే విమర్శకుని పని.