ఒకే పనస మొద్దులో వీణ: బొబ్బిలి ఏకాండి పనితనం, ఎంపిక

బొబ్బిలి వీణ పనస మొద్దులోంచి పుడుతుంది. విజయనగరం జిల్లా బొబ్బిలిని ఆనుకుని ఉన్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీకులు తరతరాలుగా వీణలు చెక్కుతున్నారు. బొబ్బిలి సంస్థానాధీశుల ఆదరణలో వేళ్లూనుకున్న ఈ విద్యకు ఇప్పుడు భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు కూడా ఉంది. ఇక్కడి మేలైన వీణల్లో కుండ (నాదం పుట్టే గుండ్రని భాగం), దండి (మెట్లుండే పొడవాటి భాగం) వేర్వేరు ముక్కలు కావు. రెండూ ఒకే చెక్కలోంచి వస్తాయి. అలాంటి వీణను ఏకాండి అంటారు.

పనస చెక్క బరువు తక్కువ, నాదం ఎక్కువ. ఉలికి సులువుగా లొంగుతుంది, చెదను తట్టుకుంటుంది. కొత్తగా కోసినప్పుడు పసుపు రంగులో ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ గోధుమ వన్నెకు తిరుగుతుంది. పచ్చి చెక్కతో చేస్తే మాత్రం వీణ ఆరే కొద్దీ వంకరపోతుంది, బీటలు వారుతుంది. అందుకే మొద్దును నిదానంగా ఆరనిచ్చాకే పని మొదలుపెడతారు.

ఆరిన మొద్దును ముందు వీణ ఆకారానికి చెక్కి, తర్వాత కుండనూ దండినీ లోపలినుంచి తవ్వుతారు. పనివాడి నేర్పు బయటపడేది ఇక్కడే. కుండ గోడ మందంగా ఉంటే నాదం అణిగిపోతుంది. మరీ పలచనైతే చెక్క బలహీనపడుతుంది. ఆ మధ్య కొలతను చెయ్యీ చెవీ కలిసి తేల్చాలి. తవ్విన కుండపై పలచని చెక్క పలకను బిగిస్తారు. దండి చివర యాళి అనే కాల్పనిక మృగపు ముఖం, దాని దగ్గర కింద గుండ్రని బుర్ర అమరుతాయి.

ఆ తర్వాతి ఘట్టం మేళం కట్టడం. తేనెమైనంలో గుగ్గిలం, నల్లపొడి కలిపి కరిగించి, దండి పొడవునా రెండు గట్లుగా పోస్తారు. వాటిపై ఇత్తడి లేదా కంచు మెట్లు 24 నిలుపుతారు. స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలు. మైనం ఇంకా మెత్తగా ఉండగానే తీగ మీటి వింటూ, ఒక్కో మెట్టును వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి స్వరస్థానంలో కుదురుస్తారు. ఈ 24 మెట్ల అమరికను తంజావూరు నాయకరాజు, తెలుగు కవి రఘునాథ నాయకుడి కాలానికి, అంటే 17వ శతాబ్దానికి ఆపాదిస్తారు. మెట్ల మీద సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం అనే నాలుగు తీగలు, పక్కన మూడు తాళపు తీగలు ఉంటాయి.

కొనేవారు మొదట తేల్చుకోవలసింది ఏకాండా, అతుకుల వీణా అన్నది. కుండ, దండి విడిగా చేసి అతికించిన వీణకు చిన్న చెక్కలు చాలు గనుక ధర తగ్గుతుంది. అతుకు గట్టిగా ఉంటే అది నేర్చుకునేవారికి బాగానే పనికొస్తుంది. వదులైతే నాదమూ శ్రుతీ రెండూ చెడతాయి. ఏకాండిలో తీగ కంపనం అడ్డులేకుండా సాగుతుంది, విడిపోయే అతుకూ ఉండదు.

ఏది ఎంచుకున్నా పరీక్ష ఒకటే. దండిని చివరినుంచి చూస్తే ఎక్కడా వంగి ఉండకూడదు. కుండ మీద, దండి మొదట్లో బీటలు ఉండకూడదు. కుండను వేలితో తడితే గంభీరమైన నాదం రావాలి. తీగలు బిగించే బిరడలు తిప్పినచోట నిలవాలి. నాలుగు తీగలనూ అన్ని మెట్ల మీదా మీటి, ఎక్కడా మోటుగా గరగరలాడడం లేదని, గమకానికి తీగ లాగినా నాదం తెగడం లేదని చూడాలి.

నాదం పుట్టే చెక్కకే ప్రాధాన్యమివ్వాలన్న సూత్రం గిటారు కొనేవారికీ వర్తిస్తుంది. గిటారు పైపలక పొరలు లేని అసలు చెక్కదైతే చక్కగా కంపిస్తుంది. పొరలు అతికించిన ప్లైవుడ్డుకు తేమను తట్టుకునే గుణం ఉన్నా నాదం తగ్గుతుంది. అందుకే తక్కువ ధరలో అసలు చెక్క పైపలక, ప్లైవుడ్డు వెనుకభాగం ఉన్న గిటారు మంచి ఎంపిక. డబ్బు నాదం పుట్టేచోట పెట్టాలి.

వీణలోనూ నగిషీ ధరను పెంచుతుంది, నాదాన్ని కాదు. పరిమిత సొమ్ముతో కొనేవారు సాదాగా కనిపించే మంచి చెక్క వీణను ఎంచుకోవడం తెలివైన పని. తీగలు, బిరడలు, బుర్ర మార్చుకోవచ్చు. ఎండవేడికి మైనం కరిగి మెట్లు కదిలితే మేళం మళ్లీ కట్టించుకోవచ్చు. చెక్కను మాత్రం మార్చలేం. అది బాగుంటే ఎండ, చెమ్మ తగలకుండా కాపాడుకున్న వీణ ఒక తరం చేతినుంచి మరో తరానికి అందుతుంది. గొల్లపల్లి పనితనానికి ఉన్న అసలు విలువ ఇదే.