కోర్చాక్ బాలగృహము: ప్రేమయు, పద్దుపుస్తకమును

అనాథబాలలను ఆదరించుట పుణ్యకార్యమని మన పెద్దలు చెప్పిరి. ఆ మాటను కాదనువారు లేరు. కాని ఆదరణమనగా నేమి? ఇంత అన్నము, ఇంత వస్త్రము, తల దాచుకొనుటకొక చూరు కల్పించినంతమాత్రమున దెబ్బతిన్న పసిమనస్సు కుదుటపడునా? చావును, ఆకలిని, ఇంటి కల్లోలమును కన్నులార చూచి వచ్చిన బిడ్డ, చేరదీసినవారినే తిట్టును, అకారణముగా అబద్ధమాడును, రేపటికుండునో లేదో యని తినుబండారమును తలగడక్రింద దాచుకొనును. అట్టి బిడ్డకు మనుష్యులయందు మరల నమ్మకము పుట్టించుట యెట్లు? ఈ ప్రశ్నకు పోలండు దేశపు వార్సా నగరమున ముప్పదియేండ్లపాటు సమాధానము వెదకిన వైద్యుడొకడుండెను. ఆయన గ్రంథమును గూర్చియు, ఆయన నడిపిన గృహమును గూర్చియు మాకు తోచిన నాలుగు మాటలు పాఠకమహాశయులకు విన్నవించుకొందుము.

ఆయన అసలుపేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిత్. లోకమెరిగిన కలంపేరు యానూష్ కోర్చాక్. యూదుకుటుంబమున జనించి, పోలిషుభాషలో రచనలు చేసి, పిల్లల ఆసుపత్రిలో కొన్నియేండ్లు వైద్యము చేసి, 1912లో వార్సాలోని క్రొఖ్మాల్నా వీధియందు యూదు అనాథబాలలకై తెరువబడిన గృహమునకు పెద్దయయ్యెను. స్టెఫానియా విల్చిన్‌స్కా యను విదుషీమణి ఆ గృహమునకు రెండవ స్తంభము. సుమారు నూర్గురు పిల్లలు అందు పెరుగుచుండిరి. మొదటి ప్రపంచయుద్ధమున సైనికవైద్యుడుగా నున్న కాలమున ఆయన వ్రాయనారంభించిన గ్రంథము పేరు ‘బిడ్డను ప్రేమించుట యెట్లు’ అని చెప్పవచ్చును. అందలి ఒక భాగము ఈ గృహవ్యవస్థను వర్ణించును.

పేరు చూచి, ఇది వాత్సల్యరసమున తేలియాడు గ్రంథమని తలచి చేపట్టినవారు ఆశ్చర్యపడుదురు. ఇందు కన్నీటిధార లేదు. ఉపదేశముల జడివాన లేదు. ఉన్నవేవి? నోటీసుపలక, చీటీలపెట్టె, పోయిన వస్తువుల అలమర, పనుల పట్టిక, ఫిర్యాదుల పుస్తకము. జీవితమంతయు దస్త్రముల నడుమ గడపిన మాబోటి గుమాస్తాలకు ఈ జాబితా చిరపరిచితమే. అయితే కచేరీలలో పుస్తకము సాధారణముగా పైవాని రక్షణకై యుండును. కోర్చాక్ గృహమున పుస్తకము క్రిందివాని రక్షణకై యున్నది. ఈ గ్రంథమునకు ప్రాణము ఇదియేయని మా అభిప్రాయము.

చీటీలపెట్టెను చూడుడు. పిల్లవాడు వచ్చి చొక్కా లాగి ఏదో అడుగును. పెద్దవాడు పనిలో నుండి విసుగుకొనును. దీనికి కోర్చాక్ కనుగొన్న ఉపాయము, ‘వ్రాసి పెట్టెలో వేయుము’ అనుట. పైకి ఇది నిర్దాక్షిణ్యమువలె కనబడును. కాని ఆయన వివరణము వినదగినది. వ్రాయువాడు ఆలోచించును, చిన్నకష్టమును పెద్దకష్టమునుండి వేరుపరచుకొనును, ప్రత్యుత్తరమునకై ఓపిక పట్టుట నేర్చుకొనును. అడిగినదానికి తప్పక సమాధానము వచ్చునన్న నమ్మకము ఏర్పడును. వాగ్దానములు విఱిగి విఱిగి గాయపడిన బిడ్డకు ఇంతకు మించిన ఔషధమేది? మందు పెట్టెలో లేదు; తప్పక వచ్చు జవాబులో నున్నది.

కొత్తగా చేరిన బిడ్డను మూడునెలలపాటు ఒక పాతబిడ్డకు అప్పగించు పద్ధతియు నట్టిదే. ఆ సంరక్షకుడు తన అనుభవములను పుస్తకమున వ్రాయును. కోర్చాక్ దానిని చదివి బదులు వ్రాయును. ఒకప్పుడు తానే ఎవరిమాటయు విననివాడు ఇప్పుడు మరియొకని మంచిచెడ్డలు విచారించువాడగుచున్నాడు. ఇతరులకు అక్కరకు వచ్చుట వలన తనపై తనకు గౌరవము కలుగునన్న ఈ సూక్ష్మమును ఆయన ఉపన్యాసములలో చెప్పక, పనిలో పెట్టి చూపెను.

ఇక గృహమునందలి న్యాయస్థానము. ఆ వారమున తమపై అభియోగము లేని పిల్లలలోనుండి చీట్లు తీసి ఐదుగురు న్యాయాధిపతులను నిలుపుదురు. శిక్షాస్మృతి 1000వ అధికరణము వరకు పోవును. కాని మొదటి 99 అధికరణములును క్షమించుటకో, అభియోగమును వదలివేయుటకో ఏర్పడినవి. పిమ్మట 100, 200, 300 అని నూరేసి మెట్లుగా తప్పుయొక్క బరువు హెచ్చును. అయినను ఎక్కడను దెబ్బ లేదు, ఆకలిశిక్ష లేదు, చీకటిగది లేదు. తప్పు తప్పని వ్రాయుట, పదిమందికి తెలుపుట, ఇంటివారికి తెలియజేయుట, చాలవరకు ఇట్టివే శిక్షలు. క్షమకు తొంబదితొమ్మిది ద్వారములు తెరచిన తరువాతనే నిందకు ఒక ద్వారము తెరచిన శాసనకర్తను మేము మరియొకని నెరుగము.

ఈ న్యాయస్థానమున పెద్దలపైనను ఫిర్యాదు చేయవచ్చును. కోర్చాక్ ఆరునెలలలో ఐదుమారులు తన్ను తానే అభియుక్తునిగా నిలుపుకొనెను: ఒక బాలుని చెవిమీద కొట్టినందుకు, ఒకనిని పడకగదినుండి గెంటినందుకు, ఒకనిని మూలను నిలిపినందుకు, ఒక న్యాయాధిపతిని అవమానించినందుకు, ఒక బాలికపై దొంగతనపు అనుమానము మోపినందుకు. పదియేండ్ల న్యాయాధిపతియెదుట గృహపతి చేతులు కట్టుకొని నిలుచుట వినోదము కాదు. బలవంతుని కోపమునకు హద్దులేదని బాల్యముననే తెలిసికొన్న బిడ్డకు, హద్దు కలదని కంటికి చూపుటయే ఇందలి చికిత్స.

గుణములతోపాటు దోషములను చెప్పనిది విమర్శ కానేరదు. మొదటిది, పిల్లల ఓట్లచేత పిల్లల యోగ్యతను తేల్చు పద్ధతి. సంవత్సరమైన పిమ్మట తోడివారు ఓట్లువేసి, ఒకనిని సహచరుడనియు, మరియొకనిని భారమైనవాడనియు తరగతులుగా నిర్ణయింతురు. ఇదివరకే లోకముచేత త్రోసివేయబడిన బిడ్డకు, సమవయస్కులు సైతము ‘భారము’ అని ముద్రవేసినచో ఆ గాయము మానునా? ఈ పద్ధతిని మేము మెచ్చలేము. రెండవది, 1000వ అధికరణము గృహమునుండి వెళ్లగొట్టును. తిరిగి చేర్చుకొనుటకు అర్జీ పెట్టుకొను మార్గమున్నను, వీధి తప్ప వేరుదిక్కులేనివానికి అర్జీ ఎంతవరకు ఆధారమగును? మూడవది మనబోటి ప్రవాసాంధ్రులకు వెంటనే తట్టును. ఆ పిల్లలలో పలువురు ఇంట యిద్దిషుభాష వినుచు పెరిగినవారు, గృహవ్యవహారము పోలిషులో. దేశభాష రాకున్న బ్రతుకుతెరువు లేదు, నిజమే. తమిళ, కన్నడ, ఒరియా, మరాఠీ భాషలను నేర్చి బ్రతుకుచున్న మనము దానిని కాదనలేము. కాని తల్లిని పోగొట్టుకొన్న బిడ్డకు తల్లిమాటయు దూరమైనచో అది రెండవ అనాథత్వము. గ్రంథము ఈ బాధను తగినంత పట్టించుకొన్నట్లు మాకు తోపలేదు.

అయినను గ్రంథకర్త తన పరాజయములను దాచలేదు. పిల్లలు న్యాయస్థానమును ఎగతాళిచేసి, కక్షసాధింపుకు వాడుకొనుట చూచి, దానిని కొంతకాలము నిలిపివేసి, సవరణలతో మరల తెరచెనని ఆయనయే వ్రాసెను. సంస్థలు ప్రకటించు వార్షికనివేదికలలో ఇట్టి మాట ఎంత అరుదో చదువరులకు తెలియును.

దీనిని చికాగోలోని ఆర్థోజెనిక్ పాఠశాలతో పోల్చి చూడవచ్చును. బ్రూనో బెట్టెల్‌హైమ్ 1944 నుండి 1973 వరకు దానిని నడపెను. మనోవ్యథకు లోనైన పిల్లలు అచ్చటనే నివసింతురు. భోజనము, నిద్ర, ఆట, అలంకరణము సమస్తమును చికిత్సయే కావలెనని ఆయన సిద్ధాంతము. 1950లో వెలువడిన ఆయన గ్రంథము పేరే ‘ప్రేమ మాత్రము చాలదు’ అని యర్థమిచ్చును. గొప్పమాట. కాని 1990లో ఆయన మరణించిన పిమ్మట, అచ్చట పెరిగినవారు కొందరు ఆయన తమ్ము కొట్టెననియు, అవమానించెననియు బహిరంగముగా వ్రాసిరి. మేలుపొందితిమని చెప్పినవారును కలరు. తీర్పు చెప్పుట మా పనికాదు. ఒక్కటిమాత్రము స్పష్టము: ఆ పిల్లలు చిన్ననాడే చెప్పుకొనుటకు తగిన పీఠమున్నచో పెద్దవారగువరకు వేచియుండ నక్కరలేకపోయెడిది. ప్రేమ చాలదు, శాస్త్రమును చాలదు, జవాబుదారీ కావలయును.

కోర్చాక్ పేరు వినగానే లోకము ఆయన మరణమునే తలచుకొనును. 1940లో ఆ గృహమును జర్మనులు యూదుల నిర్బంధవాటికలోనికి తరలించిరి. 1942 జూలై 18న అచ్చటి పిల్లలు మన రవీంద్రుని ‘డాక్‌ఘర్’ నాటకమును ప్రదర్శించిరి. అందలి అమలుడు పెంపుడుబిడ్డ. రోగియై గదిలో నిర్బంధింపబడి, రాజునుండి ఉత్తరమునకై ఎదురుచూచువాడు. చీటీలపెట్టె నుండి జవాబునకై వేచియుండుట నేర్చిన పిల్లలకు ఆ పాత్ర ఎంత దగ్గరయో ఊహింపవచ్చును. ఆగస్టు మొదటివారమున సుమారు ఇన్నూర్గురు పిల్లలతోపాటు కోర్చాక్‌ను, విల్చిన్‌స్కాను, తోడి ఉద్యోగులను ట్రెబ్లింకాకు తరలించి చంపిరి. ఆంద్రే వైదా 1990లో తీసిన ‘కోర్చాక్’ చలనచిత్రము చివర, రైలుపెట్టె విడివడి పిల్లలు మంచులోనికి మెల్లగా దిగిపోవుదురు. ఆ ముగింపుపై వివాదము చెలరేగినది. మరణమును స్వప్నముగా మార్చుట మాకును రుచింపలేదు. అంతకంటె పెద్దలోపము, ఆయన చావును స్తుతించి, ముప్పదియేండ్ల పద్దుపుస్తకములను చదువకుండుట. అట్లు చావగలుగుట మనకు సాధ్యము కాదని నమస్కరించి తప్పుకొందుము. చీటీకి జవాబు వ్రాయుట సాధ్యమే. అందుచేతనే దానిని తలచుకొనము.

మన సంఘములవారు పండుగనాడో, పిల్లల పుట్టినరోజుననో అనాథగృహములకు వెళ్లి, మిఠాయి పంచి, ఛాయాచిత్రము తీయించుకొని మరలుట వాడుక. దానిని మేము తప్పనము, తీపి తీపియే. కాని 2016నాటి బాలన్యాయ ఆదర్శనియమములు ప్రతి గృహమునను పిల్లల కమిటీయు, సూచనలపెట్టెయు నుండవలెనని చెప్పుచున్నవి. ఈమారు వెళ్లినపుడు ఆ పెట్టె యెక్కడనున్నదో అడుగుడు. తాళము తుప్పుపట్టినదా, చీటీలు పడుచున్నవా, జవాబులు పోవుచున్నవా విచారింపుడు. తెలుగు మాత్రమే తెలిసిన బిడ్డ అందున్నచో, వాని చీటీ చదువగలవారెవరో కనుగొనుడు. ఎవరును లేకున్న, వారమున కొకదినము మనలో నొకరు పోయి కూర్చుండుట భారమైన పని కాదు.