మా వాడలో రెండు బావులు

దళిత కవిత్వంలో 'మేము' అనే మాట కనపడితే చాలు, నాకు వొక సత్తు పళ్లెం గుర్తొస్తది. ఆ పళ్లెం సంగతి చెప్పకుండా వర్గీకరణ మీద గానీ, దళిత ఐక్యత మీద గానీ నేనేం మాట్లాడినా అబద్ధమే అవుద్ది.

మాది గుంటూరు జిల్లాలో వొక పల్లె. ఊరికి దక్షిణాన మాలపల్లె. అది దాటాక చెరువు కట్ట కింద మాదిగగూడెం. ఊళ్లో వాళ్లకి మేమిద్దరం వొకటే. మాకు మాత్రం కాదు. మా బావి వేరు, వాళ్ల బావి వేరు. ఎండాకాలం వాళ్ల బావి అడుగంటితే ఆడోళ్లు బిందెలు తీసుకుని మా బావి దగ్గరకొచ్చి యెడంగా నిలబడేవాళ్లు. మా నాయనమ్మ చేదతో తోడి పైనుంచి పోసేది. "బిందె చేదకి తగలనీకే" అని కసిరేది. అదే నాయనమ్మ కామందుల చేలో కూలికి పోయి, దాహమేస్తే వాళ్లు పైనుంచి పోసే నీళ్లకి దోసిలి పట్టేది. యింటికొచ్చి వాళ్లని శాపనార్థాలు పెట్టేది. ఈ రెండూ వొకే మనిషి, వొకే రోజున చేసేది. మాకెవరికీ అందులో తేడా కనపడలా.

సాంఘిక సంక్షేమ హాస్టల్లో నాకొక మాదిగ పిల్లాడు జత కుదిరాడు. వొకే చాప, వొకే దుప్పటి, వొకే నీళ్ల పప్పు. వొక సంక్రాంతికి వాణ్ణి మా యింటికి తీసుకొచ్చా. అమ్మ మాకందరికీ స్టీలు కంచాల్లో పెట్టింది. వాడికి మాత్రం మూలనున్న సత్తు పళ్లెం కడిగి అందులో పెట్టింది. ప్రేమగానే పెట్టింది. "యింకాస్త పెట్టించుకో అయ్యా" అని రెండుసార్లు అడిగింది. వాడు తిన్నాడు. పళ్లెం తనే కడిగి బయట గోడకి చేరేశాడు. ఆ పళ్లెం మళ్లీ యింట్లోకి రాలేదు. నేను చూశాను. యేమీ అనలేదు.

తర్వాత మేం పెద్దోళ్లమయ్యాం, వుద్యమమూ వొచ్చింది. 1985 జూలై 17న కారంచేడు. తాగే నీళ్లు మురికి చేయొద్దన్న కాడ మొదలైన గొడవ ఆరుగురి చావుదాకా పోయింది. చచ్చిపోయినవాళ్లు మాదిగలు. 1991 ఆగస్టు 6న చుండూరు. యెనిమిది మందిని నరికి, శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. వాళ్లు మాలలు. నరికిన కత్తి మా యిద్దరి మధ్యా తేడా చూడలేదు. ఈ రెండు నెత్తుటి మడుగుల మధ్యనే దళిత మహాసభ పుట్టింది, 1989 అత్యాచారాల నిరోధక చట్టం వొచ్చింది. 'దళితుడు' అనే మాట మా గుండెలకి అంత గట్టిగా తగలడానికి కారణం అదే. 1995లో 'చిక్కనవుతున్న పాట' వొచ్చినప్పుడు ఆ పుస్తకం చేతులు మారి మారి అట్ట వూడిపోయింది.

ఆ కవిత్వాన్ని తక్కువ చేయను. అది లేకపోతే నేను లేను. కానీ దాని మీద నాదొక విమర్శ వుంది, అది నా మీద విమర్శ కూడా. మన కవిత్వం ఊరి వైపు తిరిగి మాట్లాడినప్పుడు నిజం చెప్పింది. వాడ వైపు తిరిగి మాట్లాడాల్సి వొచ్చినప్పుడు గొంతు తగ్గించింది. జాషువ 1941లో రాసిన 'గబ్బిలం'లో కథానాయకుడు అరుంధతీ సుతుడు. అంటే మాదిగ. జాషువ తల్లి మాదిగ. మేం దాన్ని 'అంటరానివాడి ఆవేదన' అని పాఠం చెప్పుకున్నాం. ఆ అంటరానివాడు యే గూడెం వాడని అడగలేదు. అడిగితే మా బావి సంగతి బయటికొస్తది గనక.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైంది. పేరు చివర 'మాదిగ' అని పెట్టుకుని మనుషులు నిలబడ్డారు. తిట్టుగా విన్న మాటని సంతకంలో పెట్టుకోవడం చిన్న సంగతి కాదు. 1997లో నాగప్పగారి సుందర్రాజు 'మాదిగోడు' అని కథల పుస్తకానికే పేరు పెట్టాడు. ఆ రోజుల్లో నేను వొక చిన్న పత్రికకి వ్యాసం రాశాను. వర్గీకరణ దళిత ఐక్యతకి గొడ్డలిపెట్టు అన్నాను. అగ్రకులాల కుట్ర అన్నాను. అంబేద్కర్ని అడ్డం పెట్టుకున్నాను. వ్యాసం చదివి నా జతగాడు యింటికొచ్చాడు. కూర్చోలేదు. "ఐక్యత అంటున్నావు గదరా, ఆ సత్తు పళ్లెం యాడ పెట్టిందిరా మీ అమ్మ?" అన్నాడు. అంతే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. యిప్పటికీ లేదు.

అప్పుడు 59 కులాల్ని నాలుగు గుంపులు చేశారు. రెల్లి తదితరులకి 1, మాదిగలకి 7, మాలలకి 6, ఆది ఆంధ్రులకి 1 శాతం. 2000లో చట్టమైంది. 2004 నవంబరు 5న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ రోజు మావాళ్లు స్వీట్లు పంచారు. నేనూ వొకటి తిన్నాను. యిరవై యేళ్ల తర్వాత, 2024 ఆగస్టు 1న, యేడుగురు న్యాయమూర్తుల్లో ఆరుగురు వర్గీకరణ చెల్లుతుందన్నారు. 2025లో తెలంగాణ 1, 9, 5గా, ఆంధ్రప్రదేశ్ 1, 6.5, 7.5గా మూడు గుంపులు చేసుకున్నాయి. కోర్టు లెక్క తేలింది. మన లోపలి లెక్క తేలలేదు.

మావాళ్ల వాదనలు నాకు తెలుసు. నేనే రాశాను గదా. 'మాలలు ముందు చదువుకున్నారు, అది నేరమా?' నేరం కాదు. కానీ ముందు నడిచినవాడు వెనకవాడి కోసం ఆగకపోగా, వాడు అడిగితే చీలుస్తున్నావంటే అది న్యాయం కాదు. ఆ మాట మనకి యెక్కడో విన్నట్టు లేదూ? 1990లో మండల్ వొచ్చినప్పుడు అగ్రకులాలు దేశాన్ని చీలుస్తున్నారని గోల పెట్టలేదూ? ప్రతిభ అన్నవాళ్లని మనం నిలదీశాం. 'ఐక్యత' అనే మాటని మనం అట్లాగే వాడాం.

అయితే రెండో వైపు కూడా మాట్లాడాలి. ప్రభుత్వ వుద్యోగాలు కుంచించుకుపోతున్నాయి. పర్మినెంటు పోస్టుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగు. ప్రైవేటులో రిజర్వేషనే లేదు. కరిగిపోయే ముద్దని యెంత న్యాయంగా పంచినా కడుపు నిండదు. పైగా 2024 తీర్పులో నలుగురు న్యాయమూర్తులు యెస్సీల్లో కూడా క్రీమీలేయర్ని తీసెయ్యాలన్నారు. అది రేపు మాలకీ మాదిగకీ వొకేసారి తగిలే దెబ్బ. వర్గీకరణ యిచ్చామని పాలకపార్టీలు దండలు వేయించుకుంటుంటే, ఆ దండల కింద ఈ సంగతులు కప్పడిపోతున్నాయి. దీని మీద మాట్లాడే హక్కు నాకుందా? ముందు వాళ్ల వాటా వొప్పుకున్నాకే వుంటది. వొప్పుకోకుండా ప్రైవేటు రిజర్వేషన్ల గురించి మాట్లాడితే అది దాటవేతే.

యింకో మాట. మాలా మాదిగా పోట్లాటలో మేం యిద్దరం మర్చిపోయిన మనుషులున్నారు. చీపురు పట్టి పట్టణాలు వూడ్చే రెల్లివాళ్లు. 1 శాతం అని రాసి పక్కన పెట్టాం. వాళ్లు మా యింటికొస్తే మేం యే పళ్లెంలో పెడతాం? మాదిగ మిత్రులు యే పళ్లెంలో పెడతారు? ఈ ప్రశ్న అందరం వేసుకోవాలి.

2014 ఏప్రిల్లో చుండూరు కేసులో హైకోర్టు ముద్దాయిలందర్నీ వొదిలేసింది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసిన కేసు అది. ఆ రోజు నాకు మొదట ఫోన్ చేసింది నా జతగాడే. "మనోళ్లని చంపినోళ్లని వొదిలేశారంట్రా" అన్నాడు. చచ్చిపోయినవాళ్లు మాలలని వాడికి తెలుసు. అయినా 'మీవోళ్లని' అనలేదు, 'మనోళ్లని' అన్నాడు.

మన భాషలో 'మేము' వేరు, 'మనం' వేరు. 'మేము' అంటే వినేవాడు అందులో లేడు. 'మనం' అంటే వున్నాడు. కామందుతో 'మేము' అనడం మనకి బాగా వొచ్చింది, అది రావాల్సిందే. మాదిగతో, రెల్లితో 'మనం' అనడం మా పల్లె నేర్చుకోలేదు. సత్తు పళ్లెంలో అన్నం పెట్టిన చేతికి 'మనం' అనే హక్కు వూరికే రాదు. ముందు వొప్పుకోవాలి.

ఈ పుస్తకం చదివే మాల విద్యార్థులకి నాదొకటే మాట. వర్గీకరణకి వ్యతిరేకంగా కరపత్రం వేసే ముందు మీ వూరికి పోండి. మాదిగగూడెంలో డిగ్రీ చదివిన వాళ్లెంతమందో, మీ పల్లెలో యెంతమందో లెక్కపెట్టండి. మీ బావి కాడ యెవరు యెక్కడ నిలబడేవాళ్లో మీ నాయనమ్మనడగండి. ఆ రెండూ తెలిశాక కూడా కరపత్రం వెయ్యాలనిపిస్తే వెయ్యండి. నేను మాత్రం నా పాత వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నా.