డోడర్లైన్ గ్రంథము: నిలిచినది, నిలువనిది

ఆల్బర్ట్ డోడర్లైన్ అను జర్మన్ వైద్యుడు 1892లో ప్రకటించిన గ్రంథము, యోనిస్రావమునకును సూతికా జ్వరమునకును గల సంబంధమును విచారించినది. సూక్ష్మజీవులనగా రోగకారకములే యని వైద్యలోకము జడియుచున్న కాలమది. గర్భిణుల యోనిలో దండాకారపు బాక్టీరియా నివసించుననియు, అవి పుట్టించు లాక్టికామ్లము హానికర జీవులను అణచుననియు ఆయన చూపెను. పాలను పెరుగుగా తోడుకొనజేయునదియు ఆ యామ్లమే. ఈ భాగము నేటికిని చెక్కుచెదరలేదు. యోని లోపొరలోని గ్లైకోజన్ విడివడి ఈ లాక్టోబాసిల్లస్ జీవులకు ఆహారమగును. అవి పుష్కలముగ నున్నచోట పి.హెచ్. సాధారణముగ 4.5కు మించదు.

చిక్కంతయు వర్గీకరణములో నున్నది. దండాణువులున్న స్రావము సహజము, తక్కినది రోగగ్రస్తము అని గ్రంథము రెండు గదులు కట్టినది. తరువాతివారు ఆ గదులలోనికి స్త్రీలనందరిని నెట్టిరి. ఈ తప్పులో పెద్దపాలు వారిదే. రజస్వల కాని బాలికలలోను, ముట్లుడిగినవారిలోను ఈ జీవులు స్వభావముగనే తక్కువ. 2011లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, రోగలక్షణములు లేని 396 మంది ఉత్తర అమెరికా స్త్రీలను పరీక్షింపగా, సుమారు నాలుగవ వంతు మందిలో లాక్టోబాసిల్లస్‌ల ఆధిక్యము కానరాలేదు. అవి తగ్గినచో సుఖవ్యాధులు సోకు అవకాశము హెచ్చునన్నది నిజమే. అంతమాత్రమున వారందరిని రోగులనుట, యోనిని మందునీళ్లతో కడిగి ఉన్న మేలిజీవులనుగూడ పోగొట్టుట, డోడర్లైన్ ప్రయోగములు సమర్థించు పనులు కావు.